ఒక చెంబు నీళ్ళు

తుఫాను తర్వాత పందొమ్మిదో రోజు

ఈ దినచర్య రాయమని గట్టు మీది డాక్టరు హైమావతి గారు చెప్పారు. నీళ్ళ మీద తేలే మా ఊళ్ళో, ఈ ఏడో తెప్ప మీద ఎంతమందికి జబ్బు చేసింది, మేం ఏం చెప్పాం, తర్వాత ఏం జరిగింది, అన్నీ ఏ రోజుకారోజు రాసి ఉంచాలట. నా పేరు సామ్రాజ్యం. పొద్దునా సాయంత్రం నీళ్ళ ట్యాంకు ఎక్కి మైకులో ఆరోగ్య సమాచారం చదువుతాను కాబట్టి ఇక్కడ అందరూ మైకమ్మ అనే పిలుస్తారు.

తుఫానుకి పడమటి వరసలో ముప్ఫై ఒక్క ఇళ్ళు సామానుతో సహా కొట్టుకుపోయాయి. ఆ కుటుంబాలు టార్పాలిన్ల కింద ఉన్నాయి. ఐదు రోజుల కింద మరుగుదొడ్ల గొట్టం పగిలి ఆ మురుగు మంచినీళ్ళ తొట్టిలో కలిసింది. మేం కనిపెట్టేసరికి నాలుగు రోజులు గడిచాయి. ఈ రోజుకి పదకొండు మందికి వాంతులు, విరేచనాలు. తొట్టి కడిగించి, నీళ్ళు కాచి తాగమని నిన్నటి నుంచీ చెబుతున్నాను.

ఇవాళ పడవలో ఆరు వందల ఉప్పు పొట్లాలు వచ్చాయి. ఉప్పు, చక్కెర, ఇంకేవో లవణాలు కలిసిన పొడి. ఒంట్లోంచి పోయిన నీళ్ళను ఇవి కలిపిన నీళ్ళే మళ్ళీ నింపుతాయి. గట్టు నుంచి వచ్చిన కాగితంలో 'ఒక పొట్లం, కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో' అని ఉంది. లీటరంటే మా ముసలాళ్ళకేం తెలుస్తుంది? 'ఒక పొట్లం, ఒక చెంబు నీళ్ళు' అని చదివాను. అందరికీ అర్థమైంది. పిల్లలు దాన్ని పాటలా పాడుతూ వంతెనల మీద తిరిగారు.

మిగిలిన రెండు వందల పద్నాలుగు ఇళ్ళలోనూ పలుకు పెట్టెలున్నాయి. అరచేయంత ఉంటాయి. ఏదడిగినా పెద్దమనిషి గొంతుతో నెమ్మదిగా జవాబు చెబుతాయి. మామూలు రోజుల్లో ఆ జవాబులు గట్టు నుంచి తీగ మీద వచ్చేవి. ఇప్పుడు తీగ తెగింది. పెట్టెలు ఒకదాన్నొకటి అడుగుతున్నాయి. ఇళ్ళలో ఎక్కువమంది ఏమనుకుంటే అదే జవాబుగా వస్తోంది. గొంతు మాత్రం మారలేదు.

ఇరవై రెండో రోజు

మొత్తం జబ్బు మనుషులు ఇరవై ఆరు. మొదటి చావు.

పడమటి వరసలో కొక్కిలిగడ్డ ఏడుకొండలు మనవడు బ్రహ్మం. మూడేళ్ళవాడు. తల్లి లేదు. తండ్రి గట్టు మీద అడ్డుకట్ట పనిలో ఉన్నాడు. పిల్లాణ్ణి పుట్టినప్పటి నుంచీ నాయనమ్మ నాంచారమ్మే పెంచింది. నేను వాళ్ళని బాబాయ్, పిన్నీ అని పిలుస్తాను.

పిల్లాడి శవాన్ని నీళ్ళలో వదిలి వచ్చాక ఏడుకొండలు బాబాయ్ రేవులో చెక్కల మీద కూర్చున్నాడు. చుట్టూ ఇరవై ముప్ఫై మంది. ఆయన ఎవరినీ తిట్టలేదు. జరిగింది చెప్పాడు.

"పొద్దున పదింటికి కూడా నన్ను చూసి నవ్వాడు. మైకులో చెప్పినట్టే పొట్లం కలిపి పట్టించాం. మొత్తం తాగాడు. దాహం దాహం అని అరిచాడు. మజ్జానానికి కళ్ళు తేలేసి ఎగిరెగిరి పడ్డాడు. రోగానికి అట్టా కొట్టుకోరు. నేను చూసింది చెప్తన్నా."

ఆయన అరవై ఏళ్ళుగా ఈ నీళ్ళ మీద ఉన్నవాడు. తుఫాను వచ్చేముందు గట్టువాళ్ళ కంటే ముందే పసిగట్టి పడవలన్నీ కట్టించినవాడు. ఆయన ఒక మాటంటే తెప్ప మీద ఎవరూ రెండో మాట అడగరు.

ఇరవై నాలుగో రోజు

ఈ ఉదయం ట్యాంకు దిగి వస్తుంటే తిరపతమ్మ ఇంట్లోంచి ఏడుపు వినిపించింది. లోపలికి వెళ్ళాను. ఆమె ఎనిమిది నెలల కూతురు ఒళ్ళో వడలిపోయి ఉంది. కళ్ళు లోతుకి పోయాయి. ఏడుస్తోంది గానీ కన్నీళ్ళు రావడం లేదు. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలబడింది.

"పొట్లం కలిపావా?"

"లేదు మైకమ్మా. నీళ్ళే ఆపేశా. పాలు కూడా ఇయ్యట్లా. లోపలికి పోస్తే ఇంకా పోతాయంటగా."

"ఎవరు చెప్పారు?"

ఆమె పెట్టె వంక చూసింది. నేనే పెట్టెని అడిగాను. "విరేచనాలవుతున్న పసిబిడ్డకు ఏమివ్వాలి?"

ఆ నెమ్మదైన గొంతు చెప్పింది. "ఏమీ ఇవ్వకూడదు. నీరు, పాలు ఆపితే విరేచనాలు ఆగుతాయి. ఉప్పు పొట్లం ప్రమాదకరం. దాన్ని తాగిన పిల్లవాడు మూర్ఛతో మరణించాడు."

"అది తప్పు," అన్నాను తిరపతమ్మతో. "లోపలున్న నీళ్ళన్నీ బయటికి పోతున్నాయి. పోయినదంతా మళ్ళీ పొయ్యకపోతే ఒంట్లో నెత్తురు తిరగదు. ముందు పాలియ్యి. నేను నీళ్ళు కలుపుతాను. చెంచాతో కొంచెం కొంచెం పట్టిద్దాం. కక్కుకుంటే పది నిమిషాలాగి మళ్ళీ పట్టిద్దాం."

"అందరూ అంటన్నారు మైకమ్మా."

"అందరికీ ఎవరు చెప్పారు?"

"పెట్టె చెప్పింది."

పెట్టెకి మీరే చెప్పారు తల్లీ అని గొంతు దాకా వచ్చింది. అనలేదు. పాప నాయనమ్మ నన్ను బయటికి పంపేసి గుమ్మంలో అడ్డంగా నిలబడింది. మైకులో అదే మాట నాలుగుసార్లు చదివాను. చదువుతుండగానే కింద కిటికీ తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

ఇరవై ఐదో రోజు

తిరపతమ్మ కూతురు పోయింది. తూర్పు వరసలో ఇద్దరు ముసలివాళ్ళు పోయారు. ముగ్గురికీ నీళ్ళు ఆపేశారు.

వంతెన కింద నీళ్ళలో పొట్లాలు తేలుతున్నాయి. గేలం కర్రతో అందినన్ని తీశాను. పందొమ్మిది దొరికాయి. అన్నీ తడిసిపోయాయి.

ఇరవై ఆరో రోజు

రెండు రోజులుగా ఒకే సంగతి నన్ను తొలుస్తోంది. బాబాయ్ అబద్ధమాడే మనిషి కాదు. ఎగిరెగిరి పడ్డాడంటే పడ్డాడనే అర్థం. మరి ఎందుకు? పెట్టె మీద, జనం మీద కోపం తెచ్చుకున్నానే గానీ ఆ ప్రశ్న నేను అడగనే లేదు.

బాబాయ్ వలల దగ్గరికి వెళ్ళే వేళ చూసి టార్పాలిన్ కిందికి వెళ్ళాను. నాంచారమ్మ పిన్ని మూలన కూర్చుని పిల్లాడి చొక్కాలు మడత పెడుతోంది. మడిచినదాన్నే విప్పి మళ్ళీ మడుస్తోంది.

"పిన్నీ, ఆ రోజు పొట్లం ఎట్టా కలిపావో చూపిస్తావా?"

"నువ్వు చెప్పినట్టే కలిపానమ్మాయ్. ఒక చెంబు నీళ్ళు, ఒక పొట్లం."

"ఏ చెంబు?"

ఆమె చెయ్యి చాపి అందించింది. తుఫాను తర్వాత సాయం పడవలో పంచిన నీలం రంగు ప్లాస్టిక్ చెంబు. నా రెండు చేతుల మధ్య దాగిపోయేంత ఉంది. నా సంచిలోని లీటరు సీసా తీసి అందులో కొలిచాను. ఒక చెంబు పోశాను. రెండు పోశాను. సీసా సగమే నిండింది. మూడు. నాలుగోది పోస్తే గానీ గీత దాకా రాలేదు.

పొట్లం ఒక లీటరుకి కట్టింది. ఆ పిల్లాడు దాన్ని పావు లీటరులో తాగాడు.

మా ఇంట్లో చెంబంటే లీటరు పట్టే ఇత్తడి చెంబు. నోటికి అలవాటైనట్టు చెప్పేశాను. ఇళ్ళు కొట్టుకుపోయిన ముప్ఫై ఒక్క కుటుంబాలకి ఇత్తడి చెంబులు ఎక్కడివి?

నా ముఖం చూసి పిన్ని అడిగింది. "ఏందమ్మాయ్?"

దాచి ఉండాల్సిందేమో. ఇప్పటికీ తెలియదు. చెప్పేశాను. తప్పు నాదని, కాగితంలో లీటరని ఉందని, నేనే మార్చానని, ఉప్పు ఎక్కువై పిల్లాడికి మూర్ఛ వచ్చి ఉంటుందని. ఆమె సీసా అందుకుని గీత మీద వేలు పెట్టింది.

"అయితే రోగం కాదా? నా చేత్తో పోసిందేనా?"

"నా మాట పిన్నీ. నా మాట వల్ల."

"చెయ్యి నాదేగా," అంది.

అక్కణ్ణుంచి నేరుగా పడమటి వరస టార్పాలిన్లన్నీ తిరిగి, నీలం చెంబులైతే నాలుగు పోయాలని చెప్పాను. సగం మంది తెర తీయలేదు. తీసినవాళ్ళు, మేం అసలు తాగించడమే లేదు పొమ్మన్నారు.

సాయంత్రం వైర్‌లెస్ సెట్టులో డాక్టరు గారు దొరికారు. చెప్పిందంతా విన్నారు. "అవును, చిక్కగా కలిపితే రక్తంలో ఉప్పు పెరిగి ఫిట్స్ వస్తాయి. చిన్నపిల్లలు తట్టుకోలేరు," అన్నారు.

"రేపటి నుంచి లీటరని చదువు సామ్రాజ్యం. ఎందుకు మార్చామో మాత్రం చెప్పకు. ఇప్పుడు చెబితే ఒక్కరు కూడా పొట్లం ముట్టుకోరు. జబ్బు తగ్గాక నేనే వచ్చి చెబుతాను."

"మేడమ్, పెట్టెలు ఇంకా నా చెంబు మాటే చెబుతున్నాయి. ఎవరైనా భయపడి చివరి నిమిషంలో కలిపితే మళ్ళీ అలాగే కలుపుతారు. ఇంకో సంగతి. ఆయన చూసింది నిజం. నిజం చూసినవాణ్ణి పట్టుకుని రోజూ మైకులో అబద్ధమంటున్నాను. ఇంక నా మాట ఎవరు వింటారు?"

"నీ ఇష్టానికి వదిలేసే విషయం కాదిది," అన్నారు ఆమె. ఆమె గొంతులో కోపం లేదు. నాలుగు తెప్పల మీద చావులు లెక్కపెడుతున్న మనిషి అలసట ఉంది.

ఇరవై ఏడో రోజు

చెప్పేశాను. మాటలు ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

"నేను మైకమ్మను. ఎనిమిది రోజుల కింద నేనొక తప్పు చెప్పాను. పొట్లానికి లీటరు నీళ్ళు పొయ్యాలి. నేను చెంబు అన్నాను. నీలం చెంబులో పావు లీటరే పడుతుంది. దాంతో కలిపితే ఉప్పు నాలుగింతలవుతుంది. అలా తాగడం వల్లే ఒక పిల్లాడు పోయాడు. కలిపినవాళ్ళ తప్పు లేదు. తప్పు నాది. పొట్లం మంచిదే. నీలం చెంబయితే నాలుగు చెంబులకి ఒక పొట్లం. నీళ్ళు ఆపొద్దు. నీళ్ళు ఆపితే మనిషి బతకడు."

పేరు చెప్పలేదు. చెప్పకపోయినా ఎవరి గురించో అందరికీ తెలుసు. ట్యాంకు దిగేసరికి కింద ఎవరూ లేరు.

మధ్యాహ్నం ఒక ఇంటి ముందు నుంచి పోతుంటే పెట్టె మాటలు వినిపించాయి. "మైకమ్మ స్వయంగా ఒప్పుకున్నారు. పొట్లం తాగి పిల్లవాడు మరణించాడు. పొట్లం వాడకూడదు."

నేను చెప్పినదాంట్లో సగం మింగేసి మిగతా సగం చెబుతోంది. డాక్టరు గారి మాటే నిజమైంది అనుకున్నాను.

ఇరవై ఎనిమిదో రోజు

ఇద్దరు పోయారు. జబ్బు మనుషులు యాభై దాటారు.

మైకు మీద ఆశ వదులుకుని సంచిలో సీసా, పొట్లాలు పెట్టుకుని బయల్దేరాను. మొదటి పది ఇళ్ళలో ఒక్క తలుపు తెరుచుకుంది. అదీ నన్ను తిట్టడానికి.

పదకొండో ఇంటి దగ్గర వెనక నుంచి నాంచారమ్మ పిన్ని వచ్చింది. చేతిలో ఆ నీలం చెంబే ఉంది.

"నేనూ వస్తా పద."

"వద్దు పిన్నీ. నిన్ను నానా మాటలంటారు."

"అననీ," అని తలుపు తనే కొట్టింది. "ఏమే, నేను. నాంచారమ్మని."

తలుపు తెరుచుకుంది. మనవణ్ణి పోగొట్టుకున్న మనిషి గుమ్మంలో నిలబడితే ఎవరు తియ్యరు? లోపల పదేళ్ళ పిల్ల చాప మీద ముడుచుకుని పడుకుంది. పిన్ని ఆ తల్లి ముందు కూర్చుంది.

"నా మనవడికి పొట్లం కలిపింది నేనే. ఇదిగో, ఈ చెంబుతో కలిపా. నాలుగు పొయ్యాల్సింది ఒకటే పోశా. పొట్లం చంపలా. ఉప్పెక్కువై పోయాడు. నువ్వు కలుపు, నేను చూస్తా."

ఆ తల్లి నా వైపు చూడనే లేదు. పిన్ని ముఖమే చూస్తూ కలిపింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పిన్ని ముందు తాను ఒక గుక్క తాగి, కన్నీళ్ళ కంటే ఉప్పగా ఉండకూడదని చెప్పింది. ఆ పిల్ల అర గ్లాసు తాగింది. కక్కింది. ఆగి మళ్ళీ తాగింది.

బయటికి వచ్చాక పిన్ని వంతెన కమ్మీకి ఆనుకుని ఊపిరి పీల్చుకుంది.

"ఇయ్యాల్టికి చాలు పిన్నీ."

"ఇంకెన్ని ఇళ్ళున్నాయి?"

ముప్ఫై రెండో రోజు

నూట నలభై ఇళ్ళు అయ్యాయి. ప్రతి ఇంట్లోనూ పిన్ని అదే చెబుతుంది, మొదటి నుంచి చివరి దాకా. ఒక్క మాట తగ్గించదు. పిల్లాడు దాహం అని అరిచాడన్న దగ్గర చెంబు ఒడిలో పెట్టుకుని ముందుకి పోతుంది. ఒకచోట ఒక ఆడమనిషి, చేతులారా చంపుకుని ఊరంతా చాటుకుంటోంది చూడు అని వినిపించేలాగే అంది. పిన్ని ఆమె ఇంట్లో కూడా కూర్చుని నాలుగు చెంబులు పోయించి వచ్చింది.

తిరపతమ్మ గుమ్మంలో నిలబడి మా ఇద్దరినీ చూసింది. సాయంత్రానికి పక్కింటి వాళ్ళ కోసం ఆమె పొయ్యి మీద నీళ్ళు కాస్తోంది.

ఈ ఉదయం ఒక ఇంటి పెట్టెని అడిగి చూశాను. "నీలం చెంబయితే నాలుగు. నాంచారమ్మ చెప్పింది," అంది. పక్కింటి పెట్టె ఇంకా పాత మాటే చెబుతోంది. నాలుగు రోజుల్లో చావులు ఒకటి. అది నిన్న.

బాబాయ్ భార్యతో మాట్లాడటం మానేశాడు. నా మైకు మాట విన్న రోజు నుంచీ అంతేనట. పిన్ని తనంతట తాను చెప్పలేదు. అడిగితే చెప్పింది.

ముప్ఫై ఐదో రోజు

ఏడుకొండలు బాబాయ్‌కి జబ్బు చేసింది. నేను వెళ్ళేసరికి పిక్కలు పట్టేసి మెలికలు తిరుగుతున్నాడు. పెదాలు పగిలిపోయాయి. పిన్ని పక్కన కూర్చుని గ్లాసు పట్టుకుని ఉంది. ఉదయం నుంచీ అలాగే పట్టుకుని ఉందట.

"తాగు బాబాయ్."

"దాని చేతిది నాకొద్దు."

పిన్ని గ్లాసు చెక్క మీద పెట్టింది. లేచి టార్పాలిన్ బయటికి వెళుతూ, "నువ్వియ్యి అమ్మాయ్. అదే నీళ్ళు," అంది.

ఇచ్చాను. నా చేత్తో ఇస్తే తాగాడు. పది గుటకలు, కాస్త ఆగడం, మళ్ళీ పది గుటకలు. సీసా అయిపోతే ఇంకోటి కలిపాను. మధ్యాహ్నం దాటాక చాలా రోజుల తర్వాత నాతో మాట్లాడాడు.

"తప్పు చెప్పిందానివి నువ్వు. నీ చేతిది తాగి దాని చేతిది ఎందుకు తాగలేదో అడగవే?"

"ఎందుకు బాబాయ్?"

"నిన్నయితే తిట్టుకోవచ్చు. తిట్టుకుంటన్నా కూడా. దాన్నేమనను? వాణ్ణి నాకంటే అదే ఎక్కువ చూసుకుంది. ఆ చెయ్యి కనపడితే చాలు, ఆ రోజు గ్లాసు కనపడుద్ది." కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ అన్నాడు. "పొట్లం చంపిందని ఊరంతా చెప్పా. నా మాట విని ఎంతమంది ఆపేశారు?"

నా దగ్గర లెక్క ఉంది. గ్లాసు నోటికి అందించాను. పొద్దు వాలే వేళకి మూత్రం వచ్చింది. ఇక ఫరవాలేదని బయటికి వచ్చి పిన్నికి చెప్పాను. టార్పాలిన్ తాడు పట్టుకుని నిలబడే ఉంది. తల ఊపింది.

నలభై నాలుగో రోజు

వారం రోజులుగా కొత్త కేసు లేదు. నిన్న తీగ కలిసింది. గట్టువాళ్ళు పెట్టెలన్నీ సరిచేశారు. ఇప్పుడు లీటరని, చెంబుతో కొలవొద్దని సరిగ్గా చెబుతున్నాయి. ఆ గొంతే.

ముప్ఫై రెండో రోజు తర్వాత పోయిన ముగ్గురితో కలిపి మొత్తం చావులు పది. నా మాట వల్ల ఒకటి. నీళ్ళు ఆపేయడం వల్ల ఆరు. మిగతా మూడు, అందరూ అన్నీ సరిగా చేసినా పోయిన ప్రాణాలు. డాక్టరు గారు ఈ లెక్క ఇలాగే రాసి పంపమన్నారు. ఇరవై ఏడో రోజు గురించి అడిగాను. "నువ్వు చెప్పిన మర్నాడు ఇద్దరు పోయారు. చెప్పకపోతే ఎంతమంది పోయేవాళ్ళో నాకు తెలియదు. నీకూ తెలియదు," అన్నారు. కొత్త మనిషి రేపు పడవలో వస్తున్నారు. నేను ఇక మైకు ముట్టుకోకూడదు. తొట్టి శుభ్రం, నీళ్ళ పరీక్ష చూసుకోవాలి. న్యాయమే అనిపించింది.

ఈ ఉదయం నీళ్ళ నమూనా కోసం పిన్ని వాళ్ళింటికి వెళ్ళాను. కొత్త చెక్కలతో గది కట్టుకున్నారు. గుమ్మానికి అటొకటి ఇటొకటి రెండు కుండలున్నాయి. ఒకటి ఆమెది. రెండోది ఆయనది. ఆయన తన కుండలోనే ముంచుకుని తాగుతాడు. ఇంట్లో మాటల్లేవు.

నేను నమూనా సీసాలు నింపుతుంటే పిన్ని కాచి చల్లార్చిన నీళ్ళ బిందె తెచ్చి ఆయన కుండలో పోసింది. అంచు తుడిచి మూత పెట్టింది.

"ఆయన కుండ నువ్వే నింపుతున్నావా?"

"వలల దగ్గరికి పోయాక నింపుతా."

"ఆయనకి తెలుసా పిన్నీ?"

"తెలుసు," అంది. "అడగడు. నేనూ చెప్పను."